సీ లిల్లీకి ఫిల్లింగ్

"ఆ రాయి మీంచి చెయ్యి తియ్యండి."

"మీరే తియ్యండి. ముందు చూసింది నేను."

పని ఆగిపోయిన సున్నపురాయి క్వారీలో, సన్నగా వాన పడుతుండగా, ఒకే పలక మీద రెండు చేతులు పడ్డాయి. ఒకటి మ్యూజియంలో శిలాజాలు శుభ్రం చేసే కుర్రాడిది. అతన్ని అక్కడ అందరూ సుత్తి అని పిలుస్తారు. నడుముకి ఎప్పుడూ సుత్తి వేలాడుతుంటుంది కాబట్టి అలా పిలుస్తారని అతని నమ్మకం. రాళ్ల గురించి మొదలుపెడితే ఆపడు కాబట్టి అని పిలిచేవాళ్ల ఉద్దేశం.

రెండో చెయ్యి ఎవరో అమ్మాయిది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది, మోకాళ్ల దాకా బురద. చేతి వేళ్లు మాత్రం పలక అంచుని ఎంత సుతారంగా పట్టుకున్నాయంటే, సుత్తికి ఆ కోపంలో కూడా ఆ సంగతి కనిపించింది.

"ఇక్కడ రాళ్లు ఏరుకోవడానికి ఓనరు గారి పర్మిషన్ ఉండాలండీ," అన్నాడు.

"ఉంది. పోయిన వారం ఆయన జ్ఞానదంతం పీకింది నేనే. ఆ నోటితోనే ఇచ్చారు."

సుత్తి నోరు వెళ్లబెట్టాడు. ఆమె చూపు తిన్నగా ఆ నోట్లోకే వెళ్లింది.

"కుడివైపు కింద ఒకటి పుచ్చుతోంది. చూపించుకోండి," అంది.

పళ్ల డాక్టరన్నమాట. అయితే దీన్ని చూసి పువ్వు అనుకుని ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లి షోకేసులో పెట్టుకుంటుంది, అనుకున్నాడు సుత్తి. చాలామంది అలాగే అనుకుంటారు. సీ లిల్లీ అన్న పేరు అలాంటిది. పలక అంచున పొడవాటి కాడ, దాని చివర చిన్న కప్పు, ఆ కప్పు మీంచి రాతిలోకి దూరిపోతున్న రేకుల్లాంటివి. చూస్తే ఎవరికైనా పువ్వే.

"ఇది పువ్వు కాదండీ," అని మొదలుపెట్టాడు.

"తెలుసు. జంతువు. సముద్రం అడుగున కాడ మీద నిలబడి, చేతులు చాపి, నీళ్లలో కొట్టుకొచ్చింది తిని బతికింది. నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. నోరు పైకి తెరుచుకుని పడుకునేవాళ్లతోనే కదా నా బతుకంతా."

సుత్తి జీవితంలో మొదటిసారి రాయి దగ్గర నిలబడి మాట్లాడటానికేమీ దొరక్క ఊరుకున్నాడు. వాన పెద్దదైంది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి తియ్యలేదు. చివరికి చెరో వైపూ పట్టుకుని, ఒకరినొకరు కొరకొరా చూసుకుంటూ, పలకని మ్యూజియం దాకా మోసుకొచ్చారు.

మ్యూజియం పెద్దావిడని అందరూ మేడమ్ అంటారు. ముగ్గు బుట్ట లాంటి జుట్టు, తాడుకి వేలాడే కళ్లద్దాలు, తక్కువ మాటలు. ఆవిడ పలకని చూసింది, ఇద్దరినీ చూసింది, తువ్వాళ్లు తెప్పించింది.

"మీకేం కావాలమ్మా?" అని డాక్టరమ్మని అడిగింది.

"దీన్ని నేనే శుభ్రం చేస్తానండీ. ఇక్కడే ఉంచి చేస్తాను. రాయి మీకే."

"ఈ పని అలవాటుందా?"

"పళ్ల డాక్టర్నండీ. గట్టిదాన్ని గట్టిదాంట్లోంచి, దెబ్బ తగలకుండా బయటికి తియ్యడమేగా. నాకు వచ్చిన పని అదొక్కటేనండీ."

మేడమ్ నవ్విందో లేదో కళ్లద్దాల వెనక తెలియలేదు. సుత్తి పక్క టేబులు చాలాకాలంగా ఖాళీగా ఉంది, మనిషి కావాలి. "చేసి చూపించండి. బాగుంటే ఆ ఉద్యోగం మీదే. ఒక్క చెయ్యి అరగదీసినా మీ క్లినిక్ మీకుంది," అంది. తర్వాత సుత్తి వైపు కూడా చూస్తూ చెప్పింది, "ఇక్కడ పద్ధతి ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు బయటికి రావాలి. లేనిది చేర్చకూడదు."

అలా పళ్ల డాక్టరు తన పనిముట్ల సంచితో సహా మ్యూజియంలో దిగింది.

ఆమెకి ఇదేదో సరదా కాదని సుత్తికి టీ తాగుతుండగా తెలిసింది. వాళ్ల నాన్నది పేరున్న పళ్ల ఆసుపత్రి. తన కుర్చీ పక్కన కూతురి కోసం ఇంకో కుర్చీ వేయించాడు, బోర్డు మీద ఆమె పేరు కూడా రాయించాడు. ఆమెకి రాళ్ల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది.

"నాన్నతో మాట అనుకున్నాను," అంది గ్లాసు తిప్పుతూ. "మ్యూజియం నన్ను తీసుకుంటే ఆయన అడ్డు చెప్పరు. తీసుకోకపోతే ఆ కుర్చీలోనే ఉండిపోతాను, మళ్లీ రాళ్ల ఊసెత్తను. రెండోసారి అడగడం ఉండదు."

"ఆయన అంత కఠినమా?"

"కఠినమైతే బాధే లేదు, పోట్లాడేదాన్ని. ఆయన చాలా మంచివారు. అదే చిక్కు."

ఆ రోజు నుంచి సుత్తికి ఒకటే దిగులు పట్టుకుంది. ఈ లిల్లీ బాగా రావాలి, ఈ అమ్మాయి ఇక్కడే ఉండిపోవాలి. మొదటిది రెండోదాని కోసమని ఒప్పుకోవడానికి అతనికి ఇంకొంత సమయం పట్టింది.

ఆమె పనిచేస్తుంటే చూడాలి. మూతికి మాస్కు, కంటికి భూతద్దం, చేతిలో పెన్సిలంత మిషను. ఆ మిషను చప్పుడుకి మామూలు మనుషులకి పళ్లు జివ్వుమంటాయి. ఆమె మాత్రం అలవాటైన పాట వింటున్నట్టు తలాడిస్తూ పనిచేసేది. రాయి పొడిగా రాలేది, దాని కిందనుంచి చిన్న చిన్న బిళ్లలు ఒకదాని పక్కన ఒకటి బయటపడేవి. మిషను ఎక్కడ ఆపాలో, ఎక్కడ సూది తీసుకోవాలో, ఎక్కడ ఉత్త బ్రష్షు చాలో ఆ వేళ్లకి తెలుసు. సుత్తి తన పని వదిలేసి చూస్తుండిపోయేవాడు. ఆమె తలెత్తగానే గబుక్కున ఏదో రాయి చేతిలోకి తీసుకుని పరీక్షగా చూసేవాడు.

"అది పేపర్‌వెయిట్," అనేది ఆమె.

మాటలకేం లోటు లేదు. క్వారీలో ఎక్కడ పడితే అక్కడ దొరికే చొక్కా బొత్తాల్లాంటి బిళ్లలు సీ లిల్లీ కాడ ముక్కలేనని, చచ్చిపోయిన కొద్ది రోజులకే ఒళ్లంతా విడిపోయి అలా చెల్లాచెదురైపోతుందని సుత్తి చెప్పాడు.

"మరి ఇది ఇలా పూర్తిగా ఎలా మిగిలిందండీ?"

"తుపాను వచ్చి ఉంటుంది. బతికుండగానే బురద వచ్చి కప్పేసింది. విడిపోవడానికి టైమివ్వలేదు. మన అదృష్టం."

"దాని ఖర్మ," అందామె. కాసేపు మిషను ఆపి, ముడుచుకోబోతున్నట్టున్న ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. "ఎంత బాగుందో చూడండి. తనకి కావాల్సిన ప్రతి బిళ్లా తనే కట్టుకుంది. మనకి నోటినిండా పళ్లు కట్టుకోవడమే గగనం. ఇది ఒళ్లంతా కట్టుకుంది."

ఇన్నేళ్లుగా సుత్తి రాళ్ల గురించి అందరికీ చెబుతూనే ఉన్నాడు. ఇంత ప్రేమగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"అవునండీ," అన్నాడు.

"ఆ అండీ మానెయ్యి. మిషను చప్పుడు సగం మింగేస్తోంది."

"సరేనండీ... సరే."

నెల తిరిగేసరికి లిల్లీ దాదాపు బయటికొచ్చేసింది. మర్నాడు మేడమ్ చూడటానికి వస్తుందనగా, సాయంత్రం డాక్టరమ్మ పలక మీద గుడ్డ కప్పి చేతులు కడుక్కుంది.

"రేపు ఆవిడకి ఒకటి చూపిస్తాను. నీకు కూడా అప్పుడే," అంది.

"ఇప్పుడు చెబితే ఏం పోయింది?"

"నువ్వు పొద్దున్నకల్లా మ్యూజియమంతా చాటింపు వేస్తావు." కళ్లతోనే నవ్వి వెళ్లిపోయింది.

సుత్తి కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత గుడ్డ తీశాడు. దొంగచూపు కాదు, మురిసిపోదామనే తీశాడు. దీపం కింద లిల్లీ నిండుగా ఉంది. ఒక్కో చెయ్యీ చూసుకుంటూ వచ్చాడు. కుడివైపు నుంచి మూడో చెయ్యి దగ్గర ఆగిపోయాడు.

ఆ చెయ్యి సగం దాకా అన్నిటిలాగే ఉంది. అక్కణ్ణుంచి ఉన్నట్టుండి సన్నబడిపోయింది. పక్క చేతుల్లో సగం లావు కూడా లేదు.

ఇలాంటివి అతను చూడనివి కావు. మిషను ఒకేచోట కాస్త ఎక్కువసేపు ఆగితే రాయి ఇలాగే అరిగిపోతుంది. మేడమ్ కంటికి ఇది కనపడకుండా ఉండదు. ఒక్క చెయ్యి అరగదీసినా మీ క్లినిక్ మీకుంది అన్న మాట చెవుల్లో గింగురుమంది. ఆ కుర్చీ, ఆ బోర్డు, రెండోసారి అడగడం ఉండదన్న ఆమె గొంతు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఫోన్ చేసి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ ప్రేమలో పడ్డవాడు త్యాగం చెయ్యడానికి చూపించే తొందర ఫోను చెయ్యడానికి చూపించడు కదా. సుత్తి పగిలిన రాళ్లు అతికించే పుట్టీ డబ్బా మూత తీశాడు. ఆ పలక నుంచే రాలిన పొడి అందులో కలిపాడు, రంగు సరిచూశాడు, సన్నబడిన చేతిమీద మెత్తి పక్కవాటంత లావు చేశాడు. సూది మొనతో బిళ్లకీ బిళ్లకీ మధ్య గీతలు కూడా పెట్టాడు. ఇంత అందంగా తప్పు చెయ్యడం అందరికీ చేతకాదు. ఆ తర్వాత వానలో తడుస్తూ, తనంత గొప్ప ప్రేమికుడు లేడనుకుంటూ ఇంటికెళ్లాడు.

పొద్దున మేడమ్ వచ్చింది. డాక్టరమ్మ గుడ్డ తీసింది. పెద్దావిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే బాగున్నట్టే లెక్క.

"అన్నిటికంటే ముఖ్యమైంది ఇక్కడుంది మేడమ్," అంటూ డాక్టరమ్మ భూతద్దం తీసుకుని మూడో చేతి మీదికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. సూదితో ఒకసారి తట్టి చూసింది. చప్పుడు వింది.

"ఇది ఫిల్లింగ్," అంది.

"ఏమిటీ?" అంది మేడమ్.

"ఎవరో ఫిల్లింగ్ పెట్టారు. రోజూ పెట్టేదాన్ని, నాకు తెలీదా? నిన్న సాయంత్రం ఇది లేదు."

మేడమ్ ముఖం గంటుపెట్టుకుంది. మ్యూజియంలో ఇంతకంటే పెద్ద నేరం లేదు. ఆవిడ డాక్టరమ్మ వేళ్ల వైపు చూసింది. ఫిల్లింగులు పెట్టే వేళ్లు ఆ గదిలో ఇంకెవరికున్నాయి మరి?

"నేనే మేడమ్," అన్నాడు సుత్తి.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"ఆ చెయ్యి అక్కడ బాగా సన్నగా ఉంది. మిషను కాస్త ఎక్కువ ఆగిందేమోనని... మీరు చూస్తే ఈమెకి..." ఎప్పుడూ ఆగని మాటలు ఇప్పుడు ఒక్కటీ పూర్తికాలేదు.

"అంటే నేను అరగదీశాననుకున్నావు," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "దాని బిళ్లలు చూశావా? చిన్నవే, కానీ ఒక్కటీ తక్కువ లేదు. ప్రతిదానికీ గీత ఉంది, అంచు ఉంది. మిషనుకి అరిగిపోయినదానికి అంచు మిగులుతుందా? ఆ చెయ్యి బతికున్నప్పుడే తెగింది. ఏ చేపో కొరుక్కుపోయి ఉంటుంది. తెగినచోటు నుంచి కొత్తది మొలిచింది. పూర్తిగా లావయ్యేలోపు బురద వచ్చి పడింది. అందుకే సన్నం. నేను చూపిద్దామనుకుంది అదే."

ఆమె సూది బల్ల మీద పెట్టేసింది.

"అరిగిపోయిన పన్నుకీ, కొత్తగా వస్తున్న పన్నుకీ తేడా తెలియకుండానే నేను డాక్టర్నయ్యాననుకున్నావా? నన్ను అడిగితే చెప్పనా?"

సుత్తి తలదించుకున్నాడు.

"పుట్టీ ఉండగా దీన్ని నేను గోడకెక్కించలేను," అంది మేడమ్. "అది రాయికంటే గట్టిపడి ఉంటుంది. తీస్తుంటే కింద చెయ్యి విరిగితే ఇక చెప్పుకోవడానికేం మిగలదు. నువ్వు ముట్టుకోకు సుత్తీ. తియ్యగలిగినవాళ్లు తీస్తే అప్పుడు మాట్లాడతాను, ఉద్యోగం సంగతి కూడా."

డాక్టరమ్మ ఏప్రన్ విప్పి మడతపెట్టింది. "నాన్న పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది మేడమ్," అని బయటికి నడిచింది.

సుత్తి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు, చూసి ఊరుకుంది. చివరికి ఇంకో దారి లేక పళ్ల ఆసుపత్రికి వెళ్లి, వరసలో కూర్చుని, తన వంతు రాగానే ఆమె కుర్చీలో పడుకున్నాడు. పుచ్చుపన్ను నిజంగానే ఉంది కాబట్టి మోసమేమీ లేదు.

పక్క కుర్చీలో పెద్ద డాక్టరు ఎవరికో పళ్లు శుభ్రం చేస్తున్నాడు.

"నోరు తెరవండి," అంది ఆమె, కొత్త మనిషితో మాట్లాడినట్టు. ఇంజెక్షన్ ఇచ్చింది. మూతి మొద్దుబారాక దూది కుక్కి, అప్పుడు మొదలుపెట్టింది.

"నేను నీతో పక్కపక్కన కూర్చుని పనిచేశాను. నా చేతుల్నే చూస్తూ కూర్చునేవాడివి. నాకు తెలీదనుకున్నావా? చూసింది ఇదేనా?"

"ఆఁ... ఆఁ..." అన్నాడు సుత్తి.

"మాట్లాడకు, డ్రిల్ ఉంది. పోనీ నేను నిజంగానే అరగదీశాననుకుందాం. అయితే మాత్రం? నా తప్పు నేను ఒప్పుకోలేనా? నాకు తెలియకుండా కప్పెట్టడానికి నువ్వెవరు?"

"ఊఁ..."

"నాకు బాధగా ఉంది. కోపం కాదు, బాధ. అది తెలుసుకో." ఆమె కళ్లు తుడుచుకోవడానికి వీల్లేదు, చేతులకి గ్లవుజులున్నాయి. మోచేత్తో తుడుచుకుంది. అంత బాధలో కూడా పన్నుకి ఎక్కడా నొప్పి తగలనివ్వలేదు.

పని అయ్యాక సుత్తి లేచి కూర్చున్నాడు. సగం మూతి అతని మాట వినడం లేదు.

"తప్పు నాదే. పుట్టీ నువ్వే తియ్యాలి," అన్నాడు ముద్దముద్దగా.

"నా చేతి మీద నీకు నమ్మకం లేదుగా."

"అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీకంటే బాగా ఎవరూ తియ్యలేరు. నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు. ఆ చెయ్యి నా పుట్టీ కింద ఉండిపోకూడదు. నువ్వు కనిపెట్టింది అది."

పక్క కుర్చీ దగ్గర మిషను ఆగింది. పెద్ద డాక్టరు మాస్కు కిందికి లాగి ఇటు తిరిగాడు.

"పాత ఫిల్లింగ్ తీసి కింద పన్ను దక్కించడంలో మా అమ్మాయిని మించినవాళ్లు లేరు బాబూ. ఇంతకీ ఏ పంటికి?"

"పంటికి కాదు సార్. సీ లిల్లీకి."

ఆయన కూతురి ముఖం చూశాడు. ఏం కనిపించిందో ఏమో, చేతిలో పని ముగించి గ్లవుజులు విప్పేశాడు. "పదమ్మా, నేనూ వస్తాను. నిన్ను ఈ కుర్చీలోంచి లాక్కెళ్లేది ఎలా ఉంటుందో ఒకసారి చూడొద్దూ?"

ఆ మధ్యాహ్నం కిటికీ అద్దాల మీద వాన కారుతుండగా ఆమె పని మొదలుపెట్టింది. పలక కదలకుండా సుత్తి రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్ద డాక్టరుకి చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేదు, దీపం పట్టుకున్నాడు. మేడమ్ తలుపు దగ్గర నిలబడింది.

పుట్టీ పొట్టులా లేచి వచ్చింది. రాయికీ పుట్టీకీ మధ్య వెంట్రుక మందం కూడా లేని చోట, మిషను పక్కన పెట్టి సన్నటి కొక్కెం తీసుకుంది. ఊపిరి బిగబట్టి, గీరి, ఊది, మళ్లీ గీరింది. ఒక్కో బిళ్లా బయటపడింది. చిన్నవి, నున్నగా, దేని అంచు దానికి ఉంది. ఒక్కటి కూడా చెదరలేదు. చివరి ముక్క ఊడి వచ్చేసరికి సుత్తి చేతులు తిమ్మిరెక్కాయి. అయినా పట్టు వదల్లేదు.

"నాన్నా, చూడండి," అంది.

పెద్ద డాక్టరు భూతద్దం తీసుకుని పలక మీదికి వంగాడు. లావు చెయ్యి ఆగిపోయిన చోటు, సన్న చెయ్యి మొదలైన చోటు, వేలు ఆనించకుండా వేలితోనే చూపిస్తూ చాలాసేపు చూశాడు.

"ఇక్కడ తెగిందా?"

"అవును నాన్నా."

"ఇదంతా మళ్లీ మొలిచిందా? దానంతట అదే?"

"దానంతట అదే."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "నా సర్వీసంతా ఒకటే మాట చెబుతూ వచ్చానమ్మా. జాగ్రత్త బాబూ, ఒకసారి పోతే మళ్లీ రాదు, అని." మళ్లీ వంగి చూశాడు. "దీనికి ఎవరూ చెప్పినట్టు లేదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కూతురి చేతిలోని కొక్కెం తీసుకుని, తుడిచి, జాగ్రత్తగా ఆమె సంచిలో పెట్టాడు.

"ఇవి నీ దగ్గరే ఉంచుకో, ఇక్కడ పనికొస్తాయి. ఆసుపత్రికి కొత్త డాక్టరు కావాలని రేపు ప్రకటన ఇస్తాను. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. ఇది ఇంకెవరి వల్లా కాదు."

"నాన్నా..." అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"రేపు పదింటికి రండమ్మా. ఆ టేబులు మీదే," అంది మేడమ్. పుట్టీ డబ్బా తీసుకుని చంకలో పెట్టుకుంది. "సుత్తీ, ఇక మీదట ఇది నా బీరువాలో ఉంటుంది. కావాలంటే నన్నడుగు." పెద్ద డాక్టరుకి మిగతా గదులు చూపిస్తానని ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లింది. పెద్దావిడ తక్కువ మాట్లాడుతుంది కానీ అన్నీ చూస్తుంది.

గదిలో ఇద్దరూ మిగిలారు. సుత్తి ఇంకా పలకని పట్టుకునే ఉన్నాడు.

"వదిలెయ్యొచ్చు," అంది ఆమె.

వదిలాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు. మూతి ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. "నీ చేతులంటే ఇష్టం, నువ్వు దీన్ని చూసే చూపంటే ఇష్టం. క్వారీలో నువ్వు చెయ్యి తియ్యనన్నప్పటి నుంచీ."

"తెలుసు. ఇష్టం లేనివాడు తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా పుట్టీ పెడతాడా? అందుకే ఇంకా బాధేసింది." ఆమె బల్ల మీది పొడి అరచేత్తో ఒక పక్కకి తోసింది. "నాకొకటి మాటివ్వు. నాకేదో అయిందనిపిస్తే నువ్వే ఊహించుకుని పరిగెత్తకు. కాపాడకు. ముందు నన్ను అడుగు."

"అడుగుతాను."

ఆమె లిల్లీ వైపు చూస్తోంది. మూడో చేతి చివర ఇంకా విచ్చుకోని కొస ఉంది. చూస్తూ చూస్తూ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సుత్తి చెయ్యి జేబులోని రుమాలు దాకా వెళ్లి ఆగింది.

"ఏమైంది?" అని అడిగాడు.

ఆమె అతని వైపు తిరిగింది.

"సంతోషంగా ఉంది," అంది. "ఇప్పుడు ఇవ్వు రుమాలు."